ఇంటి ఓనరు చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేస్తుంటే ఏం చేయాలి?

అమలాపురంలోనో భీమవరంలోనో అద్దెకుంటే ఇంటివారు చాలాసార్లు కింది వాటాలోనే ఉంటారు. మేడ మీద మీరు. వాళ్లింట్లో చేపల పులుసు కాస్తే గిన్నెడు పైకి వస్తుంది. మీ పాపకి రాత్రిపూట జ్వరమొస్తే మందుల షాపుకి వాళ్లబ్బాయే బండి తీస్తాడు. ఆ ఆప్యాయత నిజమైనదే. కానీ దాని వెనకే ఇంకొన్ని కూడా వస్తాయి. ఇంటావిడ తలుపు తోసుకుని నేరుగా వంటగదిలోకి వచ్చేస్తారు. మీరు ఊరెళ్తే రెండో తాళంచెవితో గదులన్నీ చూసి వస్తారు. "రాత్రి వచ్చినాయన ఎవరమ్మా?" అని ఆరా తీస్తారు. ఎదురు చెబితే పెద్దంతరం చిన్నంతరం లేదంటారేమోనని చాలామంది, ముఖ్యంగా ఉద్యోగానికొచ్చి ఒంటరిగా ఉంటున్న ఆడపిల్లలు, పళ్లబిగువున భరిస్తారు. అలా భరించక్కర్లేదు.

ముందు చట్టం ఎవరికి ఏం ఇచ్చిందో తెలుసుకోండి

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ చూడండి. అద్దె సక్రమంగా కడుతూ, ఒప్పుకున్న షరతులు పాటిస్తున్నంత కాలం అద్దెదారు ఆ ఇంట్లో ఏ ఆటంకం లేకుండా ఉండవచ్చని యజమాని మాట ఇచ్చినట్టే లెక్క అని అందులోని 'సి' క్లాజు చెబుతుంది. ఇల్లు వాళ్ల పేరునే ఉన్నా స్వాధీనం మీది.

అదే సెక్షన్‌లో 'ఎం' క్లాజు కూడా ఉంది. ఇల్లు ఎలా ఉందో చూసుకోవడానికి యజమానిని గానీ ఆయన పంపిన మనిషిని గానీ తగిన వేళల్లో లోపలికి రానివ్వాలని అది అంటుంది. కాబట్టి "మీరు అసలు గడప తొక్కడానికి వీల్లేదు" అని వాదించకండి, ఆ వాదన నిలవదు. చిక్కల్లా ఆ 'తగిన వేళ' ఏది, ఎంత ముందు చెప్పాలి అన్నది ఈ చట్టంలో లేకపోవడమే. దాన్ని మనమే రాసుకోవాలి.

2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది కదా అని కొందరు ఆ తీర్పు పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్తుంటారు. ఆ హక్కు ముఖ్యంగా ప్రభుత్వం నుంచి మనల్ని కాపాడేది. ఓనరుతో మాట్లాడేటప్పుడు మీకు అసలు బలం అద్దె కాగితమే.

కాగితం మీద ఒక్క పేరా పెట్టించుకోండి

మన దగ్గర చాలా ఇళ్లు నోటిమాట మీద, అడ్వాన్సు చేతిలో పెట్టి తీసుకున్నవే. ఇప్పటికైనా పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకోండి. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అన్న లెక్కతో అందరూ పదకొండు నెలలకు రాయించుకుంటారు గానీ, ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి సవరణ ప్రకారం ఎన్నాళ్ల లీజుకైనా రిజిస్ట్రేషన్ చేయించాలి. కేంద్రం 2021లో రాష్ట్రాల కోసం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఒక మంచి పద్ధతి ఉంది. యజమాని లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ సందేశం ద్వారానో చెప్పాలి, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. ఆ పద్ధతినే మీ అగ్రిమెంటులోకి తెచ్చుకోండి. దస్తావేజు రాసే ఆయనకు ఇలా చెప్పండి:

"ఇంటి యజమాని కనీసం 24 గంటల ముందు వాట్సాప్‌లో గానీ కాగితంపై గానీ తెలియజేసి, పగటి వేళ, అద్దెదారు ఇంట ఉన్నప్పుడు మాత్రమే లోనికి రావలెను. అగ్నిప్రమాదం, వరద, నీటి పైపు పగులుట వంటి అత్యవసరాలకు ఈ షరతు వర్తించదు."

ఇది అడగడానికి సిగ్గుపడకండి. అడ్వాన్సు ఇచ్చే రోజు నవ్వుతూ అడిగేస్తే ఎవరూ తప్పుపట్టరు. ఆర్నెల్లు పోయాక గొడవ మధ్యలో అడిగితే మాత్రం గుచ్చుకుంటుంది.

వాళ్లు లోపలికి రావడానికి కారణమేంటో చూడండి

నా మటుకు నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. చొరబాటుకి సాధారణంగా ఏదో ఒక సాకు ఉంటుంది. మోటారు స్విచ్చి మీ వంటగది గోడకు ఉంటుంది. ట్యాంకు దగ్గరికి వెళ్లే మెట్లు మీ బాల్కనీలోంచి ఉంటాయి. లేదా మీ పోర్షన్‌లోనే ఒక గదికి తాళం వేసి, అందులో పాత ఇత్తడి గిన్నెలు, గంగాళాలు, పెళ్లినాటి మంచం పెట్టుకుంటారు. ఆ సాకు ఉన్నంతకాలం మీరు ఎన్నిసార్లు చెప్పినా రాకపోకలు ఆగవు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మోటారు స్విచ్చిని మెట్ల కిందికి మార్పించండి. ఖర్చు సగం మీరే పెట్టుకున్నా నష్టం లేదు. తాళం వేసిన గది ఉంటే దానికి బయటి నుంచి వేరే దారి ఉందేమో చూడండి. లేదంటే నెలకో రోజు, ఫలానా వేళ అని ఖాయం చేసుకోండి.

పెరట్లో కొబ్బరిచెట్లుంటే దింపు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. చెట్లు ఇంటివారివే అనుకోండి, దింపువాళ్లు ఏ రోజు వస్తారో ముందురోజు చెప్పమనండి. స్నానాల గది పెరటివైపు ఉన్న ఇళ్లలో, చెప్పకుండా మగమనిషి చెట్టెక్కితే ఆడవాళ్లకు ఎంత ఇబ్బందో ఓనరుకు తట్టకపోవచ్చు. విడమరిచి చెప్పండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగే చుట్టాలను మీ గదుల్లో సర్దుతామంటే వీలు కాదని డిసెంబరులోనే చెప్పేయండి.

వరద మాత్రం వేరే లెక్క. 2022 జులైలోలా ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చి, కింది వాటాలోకి నీళ్లొస్తున్నప్పుడు వాళ్లు బియ్యం బస్తాలు మోసుకుంటూ పైకి వస్తే తలుపు బార్లా తీయాల్సిందే.

ముందు నోటితో, తర్వాత రాసి చెప్పండి

మొదటిసారి ఎదురుగా కూర్చుని, వాళ్లింట్లో, నలుగురూ లేని వేళ మాట్లాడండి. అదే రోజు సాయంత్రం ఒక మెసేజ్ పెట్టండి.

"బాబాయ్ గారూ, నమస్తే. నిన్న మేం లేనప్పుడు ఏదో పని మీద లోపలికి వచ్చారటండి. ఇకనుంచి పనుంటే ఒకరోజు ముందు చెప్పండి, మేం ఉండి తలుపు తీస్తాం. మేం లేనప్పుడు మాత్రం తాళం తీయొద్దండి."

ఇది చాలు. చాలామంది దీనితోనే తగ్గుతారు. తగ్గకపోతే ప్రతిసారీ తేదీ, వేళ, ఎవరొచ్చారు అన్నది రాసి పెట్టుకోండి. రెండో మెసేజ్‌లో ఆ తేదీలు వేసి, అగ్రిమెంటులోని షరతు గుర్తు చేయండి. అక్కడా లొంగకపోతే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచుకోండి.

తలుపు గొళ్లేనికి మీ సొంత తాళం వేసుకోండి, లోపలివైపు గడియ బిగించుకోండి. తలుపుకున్న పాత తాళాన్ని మాత్రం ఓనరుకు చెప్పకుండా పీకించొద్దు. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దానిమీద 'ఇంటి అద్దె నిమిత్తం' అని రాయండి.

కోపమొచ్చినా అద్దె ఆపకండి. 108వ సెక్షన్ ఇచ్చే రక్షణ అద్దె కట్టేవాళ్లకే. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో, ఏ నెలదో రాసి పంపండి.

కెమెరాలు, బెదిరింపులు

గేటు దగ్గర, మెట్ల దగ్గర సీసీ కెమెరా పెట్టుకోవడం మామూలే. అది మీ గుమ్మంలోకో కిటికీలోకో చూస్తుంటే తిప్పించమని రాసి అడగండి. స్నానాల గదిలోకో పడకగదిలోకో తొంగిచూడటం, ఫొటో తీయడం మాత్రం సర్దుబాటు చేసుకునే విషయం కాదు. ఆడవాళ్ల విషయంలో అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. వెంటనే 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి.

మరొకరి స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి బెదిరించడానికో, అవమానించడానికో, వేధించడానికో దూరితే అదే సంహితలోని 329వ సెక్షన్ వర్తిస్తుంది. ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం చూసేది స్వాధీనాన్ని. పైపు కారుతోందని చూడ్డానికొచ్చిన ఓనరు మీద ఇది పెట్టలేరు, ఉద్దేశం రుజువు కావాలి. స్టేషన్లో "ఇది సివిల్ మేటరండీ" అని పంపేయబోతే, రాసిన ఫిర్యాదు, మెసేజ్‌ల ప్రింట్లు చూపించండి. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపండి, ఆ వీలు చట్టంలోనే ఉంది.

కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే

సామాన్లు బయట పడేసి తాళం వేసేస్తే, ఆర్నెల్లలోపు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద సివిల్ కోర్టులో దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అక్కడ "ఇల్లు నాదే" అన్న వాదన అడ్డురాదు. చొరబాట్లు ఆపమని ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధ ఉత్తర్వు, కూడా అడగవచ్చు.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఉచిత న్యాయసాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టించవచ్చు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. రోజూ ఒకే గేటులోంచి వెళ్లాల్సినవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ దారే.

ఖాళీ చేసేద్దామనుకుంటే అగ్రిమెంటులో ఉన్న గడువు ప్రకారం రాసి చెప్పండి. కాగితం లేని నెలవారీ అద్దెకైతే కనీసం పదిహేను రోజుల నోటీసు. సామాను తీశాక ప్రతి గదీ, గోడలూ, కుళాయిలూ వీడియో తీసి, తాళాలు ఇచ్చినట్టు ఒక మెసేజ్ పెట్టి, అడ్వాన్సు ఏ రోజు ఇస్తారో అదే మెసేజ్‌లో అడగండి.