వ్యాయామం నిలబెట్టుకోవడం – 4వ పాఠం: ఆగిపోయాక మళ్లీ మొదలుపెట్టడం

గత పాఠంలో మీ వ్యాయామానికి ఒక వేళ, ఒక చోటు ఖాయం చేసుకున్నారు. పొద్దున ఆరింటికి ఇందిరా పార్కు అనో, సాయంత్రం ఏడింటికి అపార్ట్‌మెంట్ టెర్రస్ అనో నోట్‌బుక్‌లో రాసుకున్నారు. కొన్ని వారాలు ఆ ప్రకారమే నడిచి ఉంటారు. ఈ పాఠం ఆ వరస తెగిపోయే రోజు గురించి. అది ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. జూలైలో ముసురు పడుతుంది, శ్రావణంలో పెళ్లిళ్లు వస్తాయి, దసరాకి ఊరికి వెళ్తాం, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని రాత్రి పన్నెండు దాకా కూర్చోబెడతారు. మన హైదరాబాద్‌లో ఉంటూ ఇవేవీ అడ్డం రాకుండా ఏడాది గడిచేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. అందుకే ఈ పాఠాలన్నిటిలో దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఏళ్ల తరబడి వ్యాయామం చేస్తున్నవాళ్లు ఎన్నడూ మానలేదని అనుకోవద్దు. మానిన ప్రతిసారీ తొందరగా తిరిగి వచ్చారంతే. అలా తిరిగి రావడం నేర్చుకుంటే వచ్చేదే.

ముందు, ఆగినప్పుడు నిజంగా ఏం పోతుందో చూద్దాం. రెండు మూడు రోజులు మానేస్తే ఒంట్లో చెప్పుకోదగ్గ నష్టమేమీ ఉండదు. రెండు వారాలు దాటాక గుండె, ఊపిరితిత్తుల సత్తువ తగ్గడం మొదలవుతుంది కాబట్టి ఆయాసం కాస్త ముందుగా వస్తుంది. కండరాల బలం అంతకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పైగా ఒకసారి సంపాదించుకున్న సత్తువ రెండోసారి త్వరగానే తిరిగొస్తుంది. కాబట్టి అసలు నష్టం ఒంటికి కాదు. "ఎలాగూ మూడు రోజులు పోయాయి, సోమవారం నుంచి చూద్దాం" అనుకుంటాం చూడండి, నష్టం అక్కడ మొదలవుతుంది. సోమవారం కాస్తా ఒకటో తారీఖు అవుతుంది, ఒకటో తారీఖు ఉగాది అవుతుంది.

దీని మీద మంచి పరిశోధన ఒకటి ఉంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరినీ ఒక కొత్త పని రోజూ చేయమని చెప్పి, అది అలవాటుగా ఎలా మారుతుందో 12 వారాలు గమనించింది. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. అలవాటు స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మంచినీళ్లు తాగడం లాంటి చిన్న పనుల కన్నా వ్యాయామం స్థిరపడటానికి ఎక్కువ కాలం పట్టింది. మనకు కావలసిన సంగతి ఇంకొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్దగా అడ్డం రాలేదు. 21 రోజులు ఆపకుండా చేస్తేనే అలవాటు అవుతుందని చాలామంది చెబుతుంటారు. ఆ మాట పట్టుకుని ఇరవై రెండో రోజు కూడా బద్ధకంగా అనిపిస్తే, లోపం మనలోనే ఉందని బాధపడేవాళ్లను చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. లోపం వాళ్లలో లేదు, ఆ లెక్కలో ఉంది.

ఇక నేర్చుకోవలసిన పని. మీ వ్యాయామానికి రెండు కొలతలు పెట్టుకోండి. ఒకటి మామూలు రోజుది, మీరు ఇప్పటికే చేస్తున్నది. రెండోది గడ్డు రోజుది. అది ఎంత చిన్నగా ఉండాలంటే, జ్వరం ఒక్కటి తప్ప ఏ కారణమూ దాన్ని ఆపలేనంత. సెల్లార్‌లో కార్ల పక్కనుంచి అయిదు నిమిషాల నడక, లేదా లిఫ్ట్ వదిలేసి ఒకసారి మెట్లెక్కి ఇంటికి రావడం, లేదా గోడకి చేతులు ఆనించి పది పుషప్‌లు. ఇంత తక్కువ చేస్తే లాభమేంటి అనిపించడం సహజం. ఒకప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందని చెప్పేది. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేసింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి, అది చిన్న ముక్కలుగా చేసినా లెక్కే. మధ్యస్థం అంటే మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం. మీ అయిదు నిమిషాలు ఆ మొత్తంలోకే చేరతాయి. అంతకన్నా ముఖ్యం, బూట్లు వేసుకునే వేళ తప్పిపోదు.

అడ్డంకి వచ్చాక ఏం చేద్దామా అని అప్పుడు ఆలోచిస్తే మనసు ఎప్పుడూ మంచం వైపే మొగ్గుతుంది. అందుకని ముందే రాసి పెట్టుకోవాలి. "ఫలానాది జరిగితే, ఫలానా పని చేస్తాను" అని రాసుకున్నవాళ్లు అనుకున్న పని ఎక్కువగా చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించారు. మీ వాక్యాలు మీ బతుక్కి తగ్గట్టు ఉండాలి. "పొద్దున లేచేసరికి వాన పడుతుంటే, టీ పెట్టే లోపు కారిడార్‌లో నడుస్తాను." "రాత్రి షిఫ్ట్ నుంచి క్యాబ్‌లో వస్తే, వీధి మొదట్లోనే దిగి ఇంటికి నడుస్తాను." "ఏప్రిల్, మే నెలల్లో పొద్దున లేవలేకపోతే ఎండలోకి వెళ్లను, రాత్రి భోంచేశాక నడుస్తాను." ఈ మూడోది షుగర్ ఉన్నవాళ్లకు మరీ మంచిది, తిన్నాక నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం వేళ మార్చే ముందు డాక్టర్‌ను అడగండి.

ఎక్కువ రోజులు ఆగితే ఇంకో అడ్డు వస్తుంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అదే మొహమాటం. రోజూ కేబీఆర్ పార్కులో కలిసే నలుగురూ "ఏమండీ, ఈమధ్య కనిపించట్లేదు" అంటారని ఆ వైపే వెళ్లడం మానేసినవాళ్లు ఉన్నారు. వాళ్లది చిన్న బాధ అని నేను అనను. జవాబు ముందే సిద్ధం చేసుకుని వెళ్లండి. "ఊరెళ్లాం అన్నా, ఇవాళ సగం రౌండే నడుస్తా" అంటే చాలు. అవతలివాళ్లు సంతోషంగా పక్కకి జరిగి చోటిస్తారు. వీలైతే ఆగకముందే ఒకరికి చెప్పి ఉంచండి: "వదినా, నేను రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఫోన్ చెయ్యి." ఆ ఒక్క ఫోన్ ఏ యాప్ కన్నా గట్టిగా పనిచేస్తుంది.

తిరిగి వచ్చిన మొదటి వారం పాత వేగం అందుకోవద్దు. మామూలుగా చేసేదాంట్లో సగంతో మొదలుపెట్టండి. పోయినదంతా ఒక్కరోజులో రాబట్టాలని చేస్తే, ఒకటి రెండు రోజుల తర్వాత కాళ్లు పట్టేసి మళ్లీ ఆగిపోతారు. జ్వరం వల్ల ఆగినవాళ్లు జ్వరం పూర్తిగా తగ్గి, ఆకలి, నిద్ర కుదుటపడ్డాకే నడక మొదలుపెట్టాలి. డెంగ్యూ వచ్చి తగ్గినవాళ్లు డాక్టర్ సరే అన్నాకే. గుండెలో పట్టేసినట్టున్నా, తల తిరిగినా అక్కడే ఆపి వైద్యానికి వెళ్లండి. ఈ వారం బరువు చూసుకోకండి. దాని బదులు మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కాక ఆయాసం ఎంతసేపటికి తగ్గుతోందో గమనించండి. వ్యాయామం పనిచేస్తోందని బరువు కన్నా ముందు చెప్పేది అదే.

ఈ వారం అభ్యాసం కొంచెం వింతగా ఉంటుంది. ఒక రోజు కావాలనే మామూలు వ్యాయామం మానేయండి. ఆ రోజు గడ్డు రోజు కొలత మాత్రమే చేయండి. మర్నాడు అదే వేళకి, అదే చోటికి వెళ్లండి. బయల్దేరే ముందు మీ మనసు ఏ సాకు చెప్పిందో ఆ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయండి. దాని కిందే దానికి తగిన "జరిగితే" వాక్యం రాయండి. కనీసం మూడు వాక్యాలు తయారయ్యాకే అయిదో పాఠానికి రండి. అందులో ఇంట్లోనే, పరికరాలు లేకుండా వారానికి రెండు రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామాలు చేద్దాం. గోడకి ఆనించి పెట్టే గట్టి కుర్చీ ఒకటి, కాలు జారని చాప ఒకటి చూసి ఉంచండి.