మనిషి కణాలను చిట్టెలుకలో పరీక్షించేటప్పుడు

విజయనగరంలో నా దగ్గర చదువుకునే పిల్లలు అడుగుతుంటారు: "మేడమ్, మనిషికి ఇవ్వబోయే కణాల మందుని ముందు ఎలుకలో పరీక్షిస్తారు కదా, మనిషి కణాలు ఎలుకలో ఎలా బతుకుతాయి?" మామూలు ఎలుకలో బతకవు, పరాయివని దాని ఒళ్ళు చంపేస్తుంది. అందుకే ఎన్‌ఎస్‌జీ అనే రకం ఎలుకలు వాడతాం. వాటికి పరాయివాటితో పోరాడే టీ, బీ, ఎన్‌కే అనే రక్షణ కణాలు ఉండవు.

ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. తర్వాత శుభ్రత. పంజరం, పొట్టు, మేత, నీళ్ళు అన్నీ స్టెరిలైజ్ చేసినవే వాడండి. మనల్ని ఏమీ చేయని క్రిమి కూడా వాటి ప్రాణం తీయగలదు. జలుబు చేసిన రోజు నేను ఆ గది గడప తొక్కేదాన్ని కాదు.

మూలకణాలంటే వేరే రకం కణాలుగా మారగలిగేవి. వాటి నుంచి చేసిన మందులో మారకుండా మిగిలిన కణాలుంటే టెరటోమా అనే గడ్డ కట్టవచ్చు. దాన్ని పట్టుకోవడమే అసలు పని. ఒక గుంపుకి మందు కణాలు, ఇంకో గుంపుకి ఉత్త ద్రావణం, మూడో గుంపుకి గడ్డ కడతాయని తెలిసిన కణాలు ఇవ్వండి. మూడో గుంపులో గడ్డ రాకపోతే, మొదటి గుంపులో రాలేదన్న మాటకి విలువ లేదు. ఖర్చని ఈ గుంపుని వదిలేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మందు రేపు ఒక మనిషి ఒంట్లోకే కదా వెళ్ళేది!

వారం వారం బరువు తూచి, ఇంజెక్షన్ ఇచ్చిన చోట మెల్లగా తడమండి. పెసరగింజంత గడ్డ కూడా వేలికి తగులుతుంది. నెలల తరబడి చూడాలి. గడ్డ దొరికితే అది మనిషి కణాలదా, ఎలుకదా తేల్చండి. రోగి ఒళ్ళు ఆ కణాలను తిప్పికొడుతుందా అన్నది మాత్రం రక్షణ కణాలు లేని ఈ ఎలుక చెప్పజాలదు, దానికి వేరే పరీక్ష పెట్టుకోవాలి.