ఒకే తోట, మూడు పంటలు: మోజెల్ వైన్‌లో ఒక కుటుంబం చేతి రుచిని ఎలా గుర్తుపట్టాలి?

ఏటా ఒకే ఇంట్లో, ఒకే చేత్తో ఆవకాయ పెట్టినా కాయ ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. ఒక ఏడు పులుపు ఎక్కువ, ఒక ఏడు పీచు ఎక్కువ. అయినా ముద్ద నోట్లో పెట్టుకోగానే అది ఎవరింటి ఆవకాయో చెప్పగలిగేవాళ్లు మనలో ఉన్నారు. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ద్రాక్ష పండించే కుటుంబాల వైన్‌ను కూడా అలాగే గుర్తుపట్టవచ్చు. అందుకు నిపుణులే కానక్కర్లేదు. మూడు సీసాలు, నలుగురు స్నేహితులు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది వేలెన్ గ్రామంలోని యోహాన్ యోసెఫ్ ప్రూమ్ కుటుంబం. లేత వైన్, అంటే నోటికి బరువనిపించని సున్నితమైన వైన్, అన్న మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది రీస్లింగ్ అనే తెల్లద్రాక్షతో వీళ్లు చేసే వైనే.

1. ముందు కొండను తెలుసుకోండి

వేలెన్‌లో నిలబడి నది అవతలికి చూస్తే ద్రాక్షతీగల నడుమ రాతి మీద ఒక నీడ గడియారం కనిపిస్తుంది. పొలంలో పనిచేసేవాళ్లకు వేళ తెలియాలని ఇదే వంశానికి చెందిన యోడోకుస్ ప్రూమ్ 1842లో దాన్ని కట్టించాడు. ఆ తోటకు ‘వేలెనర్ జొన్నెనూర్’ అనే పేరు దాన్నుంచే వచ్చింది. ‘వేలెన్ నీడ గడియారం’ అని దాని అర్థం. ప్రూమ్ వంశం ఆస్తి పంచుకున్నాక యోహాన్ యోసెఫ్ 1911లో తన పేరుతో వైన్ మొదలుపెట్టాడు. కొడుకు సెబాస్టియన్ కాలంలో ఈ ఇంటి శైలి కుదురుకుంది. 1969లో మనవడు మన్‌ఫ్రెడ్ బాధ్యత తీసుకున్నాడు. ఆయన కుమార్తె కథరీనా 2003లో పనిలో చేరారు.

నేల విషయం మనకు దగ్గరగా ఉంటుంది. అక్కడి కొండంతా పలకరాయి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లకు ఆ రాయి ఎలా పొరలుపొరలుగా విడిపోతుందో తెలుసు. మోజెల్ ప్రాంతం దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంత చలి చోట ద్రాక్ష పండటమే కష్టం. నైరుతి ముఖంగా నిటారుగా లేచిన ఆ వాలు ఎండను పట్టుకుంటుంది. పలకరాయి పగటి వేడిని దాచుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. కాయ వారాల తరబడి మెల్లగా పండుతుంది కాబట్టి తీపి చేరుతున్నా పులుపు పూర్తిగా పోదు. ఈ వైన్ లేతదనానికి మూలం ఆ నిదానమే.

2. ఒకే తోట, ఒకే తరగతి ఎంచుకోండి

చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక ఏడాది కాబినెట్ తరగతి వైన్‌ను, మరో ఏడాది ఔస్‌లేజె తరగతి వైన్‌ను పక్కపక్కన పెట్టి ఏడాదుల తేడా చూశామనుకుంటారు. నిజానికి వాళ్లు చూసింది తరగతుల తేడా. జర్మనీలో ఈ తరగతులను కోసిన ద్రాక్ష రసంలోని చక్కెరను బట్టి నిర్ణయిస్తారు. కాబినెట్ అన్నిటికన్నా తేలికైనది, ఆపైన ష్పేట్‌లేజె, ఆ తర్వాత ఔస్‌లేజె. కొలమానం పేరు ఓక్స్‌లె. లీటరు రసం లీటరు నీటికన్నా 80 గ్రాములు ఎక్కువ తూగితే అది 80 డిగ్రీల ఓక్స్‌లె.

మన పనికి కాబినెట్టే సరైనది. ఈ తరగతుల వైన్‌లో బయటి నుంచి చక్కెర కలపడాన్ని చట్టం ఒప్పుకోదు. కొత్త పీపాల చెక్క వాసన ఉండదు. పులియడం మధ్యలో ఆగుతుంది కాబట్టి కొంత తీపి మిగిలి, ఆల్కహాల్ సుమారు 8 నుంచి 9 శాతం దగ్గరే ఉంటుంది. అంత పలచని వైన్‌లో ఏ లోపమూ దాగదు. గొంతుకు పక్కవాద్యం లేకుండా పాడించినట్టు ఉంటుంది.

వేలెనర్ జొన్నెనూర్ కాబినెట్ 2018, 2019, 2021 సీసాలు తీసుకోండి. దొరకకపోయినా, ధర అందకపోయినా పక్క ఊరు గ్రాఖ్‌లోని విల్లీ షేఫర్ కుటుంబం వైన్‌తోనూ ఇదే పద్ధతి పాటించవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు కారులో ఒక్క రోజులో ఈ ఊళ్లు చూసి రావచ్చు. తోటలు చూశాక తాగితే ఆ రుచికి ఒక రూపం ఏర్పడుతుంది.

3. ఆ ఏడాది వాతావరణాన్ని ముందే చదవండి

2018 వేడి ఏడాది. వేసవి పొడిగా గడిచింది, పంట దండిగా వచ్చింది, పులుపు మెత్తగా ఉంది. 2019లో మే నెల మొదట్లో మంచు చిగుళ్లను కాల్చింది, జులైలో వడగాలికి కాయలు మాడాయి. పంట తగ్గినా మిగిలిన కాయలో సారం, పులుపు రెండూ నిలిచాయి. 2021 చలి, వాన. ఆకుతెగులుతో రైతులు వేసవంతా పోరాడారు. కోత ఆలస్యమైంది, పులుపు పదునుగా వచ్చింది.

పులుపులో ఈ హెచ్చుతగ్గులకు కారణం ఉంది. ద్రాక్షలో ఉండే మాలిక్ ఆమ్లాన్ని కాయ వేడి రోజుల్లో తానే ఖర్చు చేసుకుంటుంది, చల్లని రోజుల్లో దాచుకుంటుంది. వేడి ఏడాది రైతుకు ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, కాబినెట్‌కు తగినంత చక్కెర తొందరగా చేరిపోతుంది, రుచి మాత్రం ఇంకా కుదరదు. ముందు కోస్తే పచ్చిదనం మిగులుతుంది, ఆగితే బరువెక్కుతుంది. చలి ఏడాదిలో చిక్కు తిరగబడుతుంది. లేతదనం ప్రకృతి ఇచ్చి ఊరుకునేది కాదని, ఏ రోజు కోయాలి, ఏ గుత్తిని వదిలేయాలి అని ఏటా చేసే నిర్ణయమని నాకు అర్థమైంది ఇది తెలిశాకే.

4. చల్లబరచండి, ముందుగా తెరవండి

8 నుంచి 10 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి. మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప మరేమీ తెలియదు.

ప్రూమ్ వైన్ కొత్తగా ఉన్నప్పుడు మూత తీయగానే అగ్గిపుల్ల గీసిన వాసన రావచ్చు. వైన్ పాడైందని పారబోయకండి. రసం సహజమైన ఈస్ట్‌తో పులియడం వల్ల, వైన్‌ను గాలి తగలకుండా కాపాడటం వల్ల వచ్చే వాసన అది. రెండు గంటల ముందే మూత తీసి, ఒక గాజు కూజాలోకి వంచి ఉంచితే చాలావరకు పోతుంది. దాని వెనక తెల్ల పీచ్, నిమ్మతొక్క, తడిసిన రాయి వాసనలు మెల్లగా వస్తాయి.

5. ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి

ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్లకు మించి పోయకండి. మొదట 2018, 2019, 2021 వరుసలో రుచి చూడండి. 2021 పులుపు పళ్లను జిల్లుమనిపిస్తుంది. ఇప్పుడు వరుస తిప్పి 2021 నుంచి మొదలుపెట్టండి. ఈసారి 2021 ఉత్సాహంగానూ, 2018 కొంచెం బద్ధకంగానూ అనిపిస్తుంది. మొదటి వరుసతోనే తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

రెండో వరుసలో మారనివాటిని వెతకండి. నాలుక కొస మీద చిన్న చురుకు ఉంటుంది, అది వైన్‌లో మిగిలిన బొగ్గుపులుసు వాయువు. తీపి ఒక్క క్షణం కనిపించి, పులుపు అందుకోగానే తప్పుకుంటుంది. మింగాక బరువు మిగలదు, వాసన మాత్రం చాలాసేపు ఉంటుంది. మూడు గ్లాసుల్లోనూ దొరికే ఈ నడకే ఆ ఇంటి చేతి రుచి. మిగతాది ఆ ఏడాదిది. ఉమ్మివేయడానికి ఒక గిన్నె పక్కన పెట్టుకోండి. వైన్ చేసేవాళ్లు కూడా రుచి చూసేటప్పుడు ఉమ్మివేస్తారు, అందులో మర్యాద తక్కువేమీ లేదు.

6. తిండి తర్వాతే

రుచి చూడటం పూర్తయ్యాక పెసరట్టు, కొబ్బరి పచ్చడి తెచ్చుకోండి. ఆల్కహాల్ తక్కువ కాబట్టి కారం మండదు, మిగిలిన తీపి దాన్ని చల్లారుస్తుంది. ఆవకాయ మాత్రం వద్దు. ఆవపిండి ఘాటు ముందు ఈ వైన్ నిలవదు, రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

7. సీసాలో కొంత మిగల్చండి

మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడూ ఆ మర్నాడూ ఒక్కో గుక్క చూసి నోట్సు రాసుకోండి. తీపి, పులుపు ఉన్న ఈ వైన్ మూడు రోజులు సులువుగా నిలుస్తుంది. అగ్గిపుల్ల వాసన రెండో రోజుకు దాదాపు ఉండదు. మూడో రోజు 2021 తెరిచిన రోజుకన్నా గుండ్రంగా, మెత్తగా అనిపిస్తే దానికి ఇంకా చాలా ఆయుష్షు ఉన్నట్టే. అదే ఏడాది సీసా మరొకటి కొని, వెలుతురు తగలని చల్లని చోట పడుకోబెట్టి, పదేళ్ల తర్వాతి తేదీ దాని మీద రాసిపెట్టండి.