కిరాణా తూకం రాళ్లతో టార్క్ రెంచ్ పరీక్ష

నట్టును చెప్పినంత బలంతోనే బిగించే టార్క్ రెంచ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ప్రతిసారీ ల్యాబుకు పరిగెత్తక్కర్లేదు. బరువు ఎంతో, దూరం ఎంతో కచ్చితంగా తెలిస్తే లెక్క ఇంట్లోనే తేలుతుంది. బరువు కోసం నేను వీధి చివర కిరాణా కొట్టుకు వెళతాను. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక పాత ఇనుప రాళ్లు అక్కడ ఓ మూల ఊరికే పడి ఉన్నాయి. తూనికల శాఖ ముద్ర ఉండి, తుప్పుతో పెచ్చులూడనివి చూసి అడిగి తెచ్చుకుంటే చాలు. పది కిలోల రాయిలో తేడా ఉన్నా గ్రాముల్లోనే ఉంటుంది. జిమ్ ప్లేట్లను మాత్రం కాటా వేయకుండా నమ్మొద్దు.

నా దగ్గరున్నది అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు కొన), 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) క్లిక్ రకం, అంటే పెట్టిన అంకెను చేరగానే క్లిక్‌మనేది. బల్లకు గట్టిగా బిగించిన బెంచ్ వైస్‌లో దాని చదరపు డ్రైవ్‌ను అడ్డంగా పట్టిస్తాను. దవడల మధ్య అల్యూమినియం ముక్కలు పెడితే డ్రైవ్ అంచులు పాడవవు. పిడి నేలకు సమాంతరంగా ఉండాలి, కిందికి లాగినప్పుడు బిగించే వైపే తిరగాలి. డ్రైవ్ మధ్య నుంచి పిడి మీద చెయ్యి పట్టే చోటి మధ్యకు స్టీలు స్కేలుతో కొలవండి. నాదానికి 42 సెంటీమీటర్లు. ఇక్కడ ఒక్క సెంటీమీటరు తప్పితే లెక్కలో రెండు శాతం పైగా పోతుంది. తాడు సరిగ్గా ఆ గీత మీదే వేలాడాలి, తాడు బరువు కూడా రాళ్లతో కలిపి తూచాలి.

చాలామంది వదిలేసేది రెంచ్ సొంత బరువు. అది కూడా కిందికి లాగుతుంది కదా! డ్రైవ్ వైపు ఒక కడ్డీ మీద ఆనించి, 42 సెంటీమీటర్ల గీత దగ్గర వంటింటి కాటా పెట్టండి. నాకు 600 గ్రాములు చూపించింది. వేలాడదీసిన బరువుకు దాన్ని కలిపేస్తే సరి.

20 కిలోలు కడితే: 20.6 × 9.78 × 0.42 = 84.6 న్యూటన్ మీటర్లు. 9.78 అనేది మన ప్రాంతాల గురుత్వాకర్షణ విలువ. పది కిలోలకు 43.5, ముప్పైకి 125.7 వస్తాయి. 200 దాకా పరీక్షించాలంటే 48 కిలోలు కట్టాలి, అప్పుడు బల్లే లేస్తుంది. కారు చక్రాల నట్లకు అంత అవసరం కూడా లేదు.

చాన్నాళ్లు వాడని రెంచ్ అయితే ముందు ఎక్కువ సెట్టింగులో నాలుగైదుసార్లు క్లిక్ చేయించండి, లోపలి గ్రీజు కదులుతుంది. తర్వాత 20 కిలోలు కట్టి, రెంచ్‌ను 76 దగ్గర పెట్టి బరువును మెల్లగా వదలండి. ఒక్కసారిగా వదిలితే ఆ కుదుపుకే క్లిక్‌మంటుంది. క్లిక్ అయితే బరువెత్తి, రెండేసి పెంచుతూ మళ్లీ వదలండి. ఏ అంకె దగ్గర క్లిక్ ఆగిపోతుందో అదే మీ రీడింగ్. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం ఈ రకానికి, 10 న్యూటన్ మీటర్లు దాటిన చోట, నాలుగు శాతం అటూ ఇటూ పర్వాలేదు. అంటే ఇక్కడ సుమారు 81 నుంచి 88. ఆ లోపల ఉంటే రెంచ్‌ను సర్దే స్క్రూ జోలికి వెళ్లకండి.

రీడింగ్ ఆ హద్దులు దాటితే 10, 20, 30 కిలోలు మూడింటి దగ్గరా చూడండి. అన్నిచోట్లా ఒకేలా నాలుగైదు న్యూటన్ మీటర్లు ఎక్కువో తక్కువో ఉంటే స్క్రూతో సరిపోతుంది. బరువు పెరిగేకొద్దీ తేడా కూడా పెరుగుతుంటే ముందు మీ 42ను మళ్లీ కొలవండి. అది సరిగానే ఉంటే స్ప్రింగును అనుమానించాలి. దానికి ఇంట్లో వైద్యం లేదు.

సర్దే స్క్రూ చాలా మోడళ్లలో పిడి చివర మూత తీస్తే కనిపిస్తుంది, కొన్నింట్లో గొట్టం పక్కన అలెన్ కీ పట్టే రంధ్రం ఉంటుంది. మీదేదో కంపెనీ పుస్తకంలో చూసుకోండి. 20 కిలోలకు రీడింగ్ 92 వచ్చిందంటే రెంచ్ తొందరపడి క్లిక్ అవుతోంది, నట్లు వదులుగా మిగులుతున్నాయి. స్ప్రింగును కాస్త బిగించాలి. 78 వస్తే వదులు చేయాలి. ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, మూడు బరువులతోనూ మళ్లీ చూడాలి. విసుగ్గానే ఉంటుంది, కానీ అరచుట్టు తిప్పేస్తే మళ్లీ మొదటికొస్తారు.

ఇంజిన్ హెడ్ బోల్టులకు వాడే రెంచ్ అయితే ఈ పరీక్షతో సరిపెట్టుకోను, ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకే పంపిస్తాను. ముల్లు ఉండే బీమ్ రకానికి ఈ గొడవంతా లేదు. బరువు లేనప్పుడు ముల్లు సున్నా మీద లేకపోతే, దాన్నే కొంచెం వంచి సున్నాకు తెస్తే చాలు.