పాత పికప్ ట్రక్కు మలుపుల్లో తూలకుండా ఉండాలంటే

పాత పికప్‌లో బరువంతా ముందే, వెనక తొట్టి ఖాళీ, దాని కింద సరుకు మోయడానికి పెట్టిన గట్టి స్ప్రింగులు. అందుకే గుంత తగిలితే వెనక ఎగురుతుంది, మలుపు తిప్పితే బండి మొత్తం ఒరుగుతుంది. చాలామంది వెంటనే బండిని కిందికి దించే కిట్ కొనేస్తారు. దయచేసి ఆగండి, అది చివరి పని.

ముందు అరిగినవి మార్చండి. చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండ్ పెట్టాకే, టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కదిలితే బేరింగ్ అయినా వదులైంది, చక్రం పక్కకి తిరిగే కీలు, అంటే బాల్ జాయింటో కింగ్ పిన్నో అయినా అరిగింది. పక్కల పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి కీళ్లు) చూడండి. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు మార్చేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, బండి తన బరువు మీద నిలబడ్డాకే బోల్టు పూర్తిగా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరిగిపోతుంది.

తర్వాత మంచి షాక్ అబ్జార్బర్లు. ఖాళీగా తిరిగే బండికి బాగా గట్టివి వద్దు.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, దగ్గరే అసలు తేడా తెలుస్తుంది. 1960ల నాటి మాన్యువల్ అంకెలు బయాస్ ప్లై అనే పాతరకం టైర్లకు రాసినవి. ఇప్పుడు మీ బండికి రేడియల్ టైర్లు ఉంటే పాజిటివ్ కాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలే కోణం) పెంచమని అడగండి, పవర్ స్టీరింగ్ ఉంటే 3 నుంచి 4 డిగ్రీల దాకా హాయిగా పెట్టుకోవచ్చు, లేకపోతే స్టీరింగ్ బరువవుతుంది కాబట్టి కాస్త తగ్గించుకోవాలి. హైవే మీద అటూ ఇటూ దిద్దుకుంటూ నడిపే టెన్షన్ చాలావరకు దీనితోనే పోతుంది.

ఒరగడం తగ్గాలంటే ముందు వైపు లావైన యాంటీ రోల్ బార్ (రెండు పక్కల చక్రాలనూ కలుపుతూ ఒరుగుదలను ఆపే కడ్డీ) వేయండి. వెనక కూడా లావుది వేస్తే ఖాళీ తొట్టితో తడి రోడ్డు మీద వెనక భాగం జారిపోతుంది, నేనైతే వేయను.

ఇవన్నీ అయ్యాక కూడా దించాలనిపిస్తే కొద్దిగానే దించండి. 1963–72 షెవ్రొలే సీ10 లాంటి వాటిలో వెనక పాన్‌హార్డ్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీ) పొట్టిది, దించితే యాక్సిల్ పక్కకి జరుగుతుంది, కాబట్టి పొడవు సర్దుకునే బార్ కావాలి. ముందు ఒక్కో చక్రానికి ఒక్కో దూలం ఉండే ఫోర్డ్ ట్విన్ ఐ-బీమ్ బండ్లలోనైతే స్ప్రింగు మాత్రమే మార్చి దించితే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) చెడి టైరు లోపలి అంచు అరుగుతుంది. వెనక కమాన్ కట్టలోంచి పట్టీ తీస్తే మోసే బరువూ తగ్గుతుంది, కమాన్ కట్టను యాక్సిల్‌కి బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడకుండా కొత్తవి వేసి, కొంత దూరం నడిపాక మరోసారి టార్క్ (బిగింపు) చూసుకోండి.