టాలడేగా నైట్స్ చూడబోయే ముందు: స్టాక్ కార్ పందెం తెలియని ప్రేక్షకులకు

విల్ ఫెరెల్ కథానాయకుడిగా, ఆడమ్ మెకే దర్శకత్వంలో 2006 ఆగస్టులో అమెరికాలో విడుదలైన ‘టాలడేగా నైట్స్: ద బ్యాలడ్ ఆఫ్ రికీ బాబీ’ స్టాక్ కార్ పందేల నేపథ్యంలో తీసిన హాస్యచిత్రం. అమెరికన్లు దీన్ని ఎంతగా నెత్తిన పెట్టుకున్నా, ఆ పందేల సంగతి తెలియకుండా చూసే మనవాళ్లకు ఇది కేకలు, కుప్పిగంతులు తప్ప మరేమీ లేని సినిమాగా తోచే ప్రమాదం ఉంది. ఇందులోని హాస్యం చాలావరకు ఆ పందెం నడిచే తీరులోంచే పుట్టింది కాబట్టి, సినిమా పెట్టుకునే ముందు నాలుగైదు విషయాలు తెలుసుకుంటే చాలు, అదే సినిమా మరోలా కనిపిస్తుంది. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గాలిచాటు, అంటే ముందు కారు వెనక నక్కి ఎదురుగాలిని తప్పించుకోవడం. అది అర్థమైతే, ఈ కథలో నిజంగా గమనించవలసిన మనిషి ఫెరెల్ పోషించిన డ్రైవరు రికీ బాబీ కాదని, ఎప్పుడూ రెండో స్థానంలోనే మిగిలిపోయే అతని స్నేహితుడు కాల్ నాటన్ జూనియర్ అని కూడా అర్థమవుతుంది.

ముందుగా పందెం గురించి

స్టాక్ కార్ అంటే మొదట్లో షోరూములో ఎవరైనా కొనుక్కోగలిగే మామూలు కారే. అమెరికా దక్షిణ రాష్ట్రాల కొండల్లో దొంగసారా చేరవేసే కుర్రాళ్లు పోలీసులకు చిక్కకుండా ఉండేందుకు తమ కార్ల ఇంజన్లకు పదును పెట్టుకునేవారు, తీరిక దొరికినప్పుడు ఎవరి కారు గొప్పదో మట్టిబాటల మీద తేల్చుకునేవారు. చెల్లాచెదురుగా సాగుతున్న ఇలాంటి పందేలన్నిటినీ ఒక కట్టుబాటులోకి తెచ్చేందుకు బిల్ ఫ్రాన్స్ సీనియర్ 1948లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ కేంద్రంగా నాస్కార్ సంస్థను స్థాపించాడు. నేటి పందెపు కార్లు పైకి షెవర్లే, ఫోర్డ్, టొయోటా కార్లలా కనిపించినా లోపలంతా పందెం కోసమే తయారైనవి.

సినిమా పేరులో ఉన్న టాలడేగా అలబామా రాష్ట్రంలోని ట్రాక్. 1969లో మొదలైన ఈ ట్రాక్ చుట్టుకొలత 2.66 మైళ్లు, అంటే సుమారు 4.3 కిలోమీటర్లు. మలుపుల దగ్గర నేల 33 డిగ్రీల వాలుతో గోడలా లేచి ఉంటుంది కాబట్టి డ్రైవర్లు అక్కడ కూడా వేగం తగ్గించనక్కరలేదు. 1987లో ఇక్కడే పందెం ఆరంభంలో ఎవరు ఏ స్థానంలో ఉండాలో తేల్చే అర్హత పరుగులో బిల్ ఇలియట్ గంటకు 212.809 మైళ్ల వేగం అందుకున్నాడు. అదే వారాంతంలో జరిగిన పందెంలో బాబీ ఆలిసన్ కారు టైరు పగిలి, గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. ఆ ప్రమాదం తర్వాత, ఇంజనులోకి వెళ్లే గాలిని తగ్గించే చిల్లుల పలకను ఈ ట్రాక్ మీద తప్పనిసరి చేశారు. దానితో ఏ కారూ తన సొంత బలంతో మిగతావాటిని వదిలి దూరంగా పోలేని పరిస్థితి వచ్చింది. కార్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ మందగా పరుగెడతాయి, ముందున్న ఒక్కరు తడబడితే వెనక ఇరవై కార్లు కుప్పగా పడతాయి. సినిమాలో కార్లు గుంపులుగా గుద్దుకునే దృశ్యాలు అతిశయోక్తిలా కనిపిస్తాయి కానీ, టాలడేగాలో అలాంటి కుప్పను అభిమానులు దాదాపు ప్రతి పందెంలోనూ ఎదురుచూస్తారు.

గాలిచాటు

గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంలో కారుకు అసలు శత్రువు ఎదురుగాలి. ముందు కారు ఆ గాలిని చీల్చుకుంటూ పోతే, దాని వెనక కొంత మేర ఒత్తిడి తక్కువగా ఉన్న చోటు ఏర్పడుతుంది. పెద్ద లారీ వెనక బండి నడిపినవారికి, గాలి తగలడం హఠాత్తుగా ఆగిపోయే ఆ చోటు ఎలా ఉంటుందో తెలుసు. రెండో కారు అందులో చేరితే దానికి శ్రమ తగ్గుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. అసలు విచిత్రం ఏమిటంటే, దానివల్ల ముందు కారుకు కూడా మేలే జరుగుతుంది. తోక దగ్గర ఏర్పడి కారును వెనక్కి లాగే ఆ ఖాళీని రెండో కారు ముక్కు పూడ్చేస్తుంది కాబట్టి, రెండూ కలిసి ఒంటరి కారుకన్నా వేగంగా వెళతాయి. పోటీదారులైన ఇద్దరు ఒకరి సాయం లేకుండా మరొకరు గెలవలేని ఆట ఇది.

ఈ కిటుకును అందరికన్నా ముందు పందెంలో వాడి చూపినవాడిగా జూనియర్ జాన్సన్‌ను చెబుతారు. 1960 డేటోనా 500 పందెంలో తన షెవర్లే కారు, పోటీలో ఉన్న పోంటియాక్ కార్ల వేగాన్ని అందుకోలేకపోతోందని గ్రహించి, వాటి వెనకే నక్కి నడిపి చూశాడు. ఆ పందెం అతనే గెలిచాడు. నార్త్ కరొలైనాకు చెందిన ఈ జాన్సన్ కూడా ఒకప్పుడు దొంగసారా కేసులో జైలుకు వెళ్లివచ్చినవాడే. 1986లో అధ్యక్షుడు రేగన్ అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు.

వెనక చాటున ఉన్న డ్రైవరు, మిగుల్చుకున్న బలంతో సరైన క్షణంలో పక్కకు వచ్చి, వడిసెల నుంచి వదిలిన రాయిలా ముందు కారును దాటిపోతాడు. అమెరికన్లు దీనిని స్లింగ్‌షాట్ అంటారు. సినిమాలో రికీ, కాల్ కలిసి చేసే విద్య ఇదే, దానికి వారు పెట్టుకున్న ముద్దుపేరే ‘షేక్ అండ్ బేక్’. ఆ నినాదం వినిపించిన ప్రతిసారీ రికీని చూడకుండా కాల్‌ను చూడండి. జాన్ సి. రైలీ ఆ పాత్రను ఎంత నిష్కపటంగా పోషించాడంటే, తన చాటు వాడుకుని స్నేహితుడు ముందుకు దూసుకుపోతుంటే ఆ కేకలో ఏమాత్రం అసూయ వినిపించదు. ఒకసారి తానూ గెలిస్తే బాగుంటుందేమోనని కాల్ సంకోచిస్తూ అడుగుతాడు. నువ్వు గెలిస్తే నేనెలా గెలుస్తానని రికీ నిజంగానే అర్థంకాక తిరిగి అడుగుతాడు. గాలిచాటు సంగతి తెలియనివారికి అది తెలివితక్కువవాడి మాట, తెలిసినవారికి మాత్రం రికీ పొందిన ప్రతి గెలుపు వెనక ఎవరున్నారో గుర్తుచేసే మాట. కథలో తర్వాత కాల్ చేసే పనులు, అంటే స్నేహితుడి భార్యను, ఇంటిని తనవి చేసుకుని కూడా స్నేహం చెడలేదని అమాయకంగా నమ్మడం, ఇక్కడి నుంచే అర్థం చేసుకోవాలి.

ఇంత చెప్పాక రికీ తండ్రి మాట సంగతి తేలికవుతుంది. చిన్నప్పుడు బడికి వచ్చిన తండ్రి రీస్ బాబీ, మొదటివాడివి కాకపోతే కడపటివాడివే అనే మాట ఒకటి కొడుకు చెవిన వేసి పోతాడు. రికీ దానిని వేదవాక్కుగా పెట్టుకుని బతుకుతాడు. ఇద్దరు కలిస్తేనే వేగం వచ్చే ఆటలో ఆ సూత్రం ఎంత పొసగనిదో గమనిస్తూ చూడండి, ఆ తండ్రే తర్వాత దాని గురించి ఏమంటాడో చెవి పెట్టి వినండి. గ్యారీ కోల్ నటన ఆ సన్నివేశంలో చాలా బాగుంటుంది.

స్టిక్కర్లు, భోజనాల బల్ల

ఈ క్రీడలో డబ్బు స్పాన్సర్ల నుంచి వస్తుంది. కారు ఒళ్లంతా, డ్రైవరు దుస్తులంతా వారి గుర్తులే ఉంటాయి. గెలిచిన డ్రైవరు మైకు అందగానే ముందుగా కంపెనీల పేర్లు వరుసగా చెప్పడం నిజ జీవితంలోనూ రివాజే. రికీ కారు మీద వండర్ బ్రెడ్, కాల్ కారు మీద ఓల్డ్ స్పైస్, ఫ్రెంచి ప్రత్యర్థి కారు మీద పెరియే నీళ్ల పేరు ఉంటాయి, ఇవన్నీ నిజమైన సరుకులే. ఒకచోట రికీ కారు అద్దానికి దారి కనిపించనంత పెద్ద బిస్కెట్ల స్టిక్కరు అంటించి ఉంటుంది. అతను దాని వెనక నుంచే నడుపుతూ, ఇది ప్రమాదమే అయినా ఆ బిస్కెట్లంటే తనకు ఇష్టమని ఒప్పుకుంటాడు.

భోజనానికి ముందు ప్రార్థన చేసే సన్నివేశాన్ని మాత్రం వేరే పని ఏదీ పెట్టుకోకుండా చూడాలి. బల్ల మీద డొమినోస్, కేఎఫ్‌సీ, టాకో బెల్ పొట్లాలు. చుట్టూ భార్య, ఇద్దరు నోటిదురుసు కొడుకులు, మామగారు, కాల్. రికీ పసిబిడ్డ రూపంలోని యేసుకే ప్రార్థన చేస్తాడు. యేసు పెరిగి పెద్దవాడయ్యాడని, ఆయనకు గడ్డం ఉండేదని మామగారు మండిపడతాడు. తనకు క్రిస్మస్ నాటి యేసే ఇష్టమని రికీ పట్టుబడతాడు. కాల్ ఏమో కోటు బొమ్మ వేసిన టీ షర్టులో యేసును ఊహించుకుంటానంటాడు. ఈ వాదం మధ్యలో, ఒప్పందం ప్రకారం ప్రతి ప్రార్థనలోనూ ఒక శీతల పానీయం పేరు చెప్పాలని చెప్పి రికీ ఆ పేరు కూడా కలుపుతాడు. భక్తి, కుటుంబం, వ్యాపారం ఒకే బల్ల దగ్గర ఇంత సహజంగా కలిసిపోయిన సన్నివేశం ఈ సినిమాలో మరొకటి లేదని నా అభిప్రాయం. ప్రార్థనను ఇలా చూపడం నొప్పించే ఇళ్లు మనలోనూ ఉన్నాయి కాబట్టి, ఎవరితో కలిసి చూస్తున్నారో ముందే ఆలోచించుకోవడం మంచిది.

ఫ్రెంచి ప్రత్యర్థి

సాషా బారన్ కోహెన్ పోషించిన జాన్ జిరార్ ఫార్ములా వన్ నుంచి వచ్చిన డ్రైవరు. కారు నడుపుతూ ఫ్రెంచి రచయిత కామూ నవల చదువుతాడు, కాఫీ తాగుతాడు, స్థానికుల బారులో జాజ్ సంగీతం పెడతాడు. ఐరోపా ఫార్ములా వన్‌కూ దక్షిణాది నాస్కార్‌కూ మధ్య ఉన్న పాత చిన్నచూపులు, రెండు వైపులవీ, ఈ పాత్రలో పోగుపడ్డాయి. అతను రికీ చెయ్యి మెలిపెట్టి ‘క్రేప్’ అంటే ఇష్టమని అనమంటాడు, రికీ అననంటాడు. అది పలచటి అట్టు మాత్రమేనని, అది తనకూ ఇష్టమేనని రికీకి ఆ తర్వాత గాని తెలియదు. జిరార్ స్వలింగ వివాహితుడు. ఆ విషయాన్ని వాడుకున్న హాస్యంలో కొంత ఈనాటి కంటికి మోటుగా కనిపించినా, సినిమా చివరికి ఎవరి సంకుచితత్వాన్ని నవ్వులపాలు చేసిందో చూసి తీర్పు చెప్పండి.

ఇది ఊహాలోకపు పోటీ కాదు. సినిమా విడుదలకు నెల ముందే కొలంబియాకు చెందిన ఫార్ములా వన్ డ్రైవరు హువాన్ పాబ్లో మోంటోయా నాస్కార్‌కు మారుతున్నట్లు ప్రకటించాడు. మన దేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరు నరైన్ కార్తికేయన్ కూడా 2010లో నాస్కార్ ట్రక్కుల పందేలలో పాల్గొన్నాడు.

చూసే పద్ధతి

థియేటర్లలో ఆడిన ప్రతి (వెర్షన్) నిడివి 108 నిమిషాలు. డిస్కుల మీద వచ్చిన, కోతలు లేని పొడవాటి ప్రతి కూడా ఉంది. మొదటిసారి చూసేవారు చిన్నదే ఎంచుకోవాలి, ఎందుకంటే నటులు అక్కడికక్కడే అల్లుకున్న మాటలు పొడవాటి ప్రతిలో కథను కాస్త నీరుగారుస్తాయి. దక్షిణాది యాస, జిరార్ కావాలని వంకర్లు తిప్పిన ఫ్రెంచి యాస రెండూ చెవికి కష్టమే కాబట్టి సబ్‌టైటిళ్లు తప్పక పెట్టుకోండి. బూతు మాటలు, శృంగారపు ప్రస్తావనలు ఉన్నందున పిల్లలతో కూర్చుని చూడదగినది కాదు.

జెండాల్లో మూడు గుర్తుంటే చాలు. పసుపు ఊపితే ప్రమాదం జరిగిందని, కార్లు వేగం తగ్గించి వరుసలో నడవాలని అర్థం. తెలుపు చివరి ల్యాప్‌కు, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే ఆఖరి చుట్టుకు, గళ్ల జెండా ముగింపుకు. సినిమా ఆరంభంలో చివరి స్థానంలో ఉన్న డ్రైవరు పిట్‌లో, అంటే పందెం మధ్యలో టైర్లు, ఇంధనం కోసం కార్లు ఆగే చోట, కారు దిగిపోతే, టైర్లు మార్చేందుకు కారును జాక్‌తో పైకెత్తే పనిలో ఉన్న రికీ ఆ సీట్లోకి దూరుతాడు. మధ్యలో డ్రైవరు మారడం నిజమైన నియమాల్లోనూ చెల్లుతుంది, కాకపోతే పాయింట్లు పందెం ప్రారంభించినవాడి ఖాతాలోనే పడతాయి. టాలడేగాలో జరిగే ఆఖరి పందెంలో ఇలాంటి నియమమే మరొకటి ఫలితాన్ని తారుమారు చేస్తుంది. రికీ, జిరార్ ముగింపు గీత వైపు ఎలా చేరుతున్నారో చూస్తూనే, మూడోవాడు ఎక్కడున్నాడో మరిచిపోకండి.

సినిమా అయ్యాక, నాస్కార్ తన యూట్యూబ్ చానెల్‌లో ఉంచిన టాలడేగా పందేలలో ఏదైనా ఒకటి తీసుకుని చివరి పది ల్యాపులు చూడండి. ముందున్న కారును వదిలి రెండో కారు మీద కన్నుంచండి: అది ఎవరి చాటున ఉంది, ఎవరికి దన్ను ఇస్తోంది, ఏ క్షణంలో పక్కకు తప్పుకుంటోంది అన్నది గమనిస్తే, వ్యాఖ్యాతల గొంతులు ఎక్కడ ఎందుకు పెరుగుతున్నాయో ఒకరు చెప్పకుండానే తెలుస్తుంది.