చీమకుర్తి గ్రానైట్ శ్రీలంకకి పంపాలంటే ఏం చూసుకోవాలి

ఇండియా-శ్రీలంక ఫ్రీ ట్రేడ్ అగ్రిమెంట్ (ఒకరి సరుకు మీద ఇంకొకరు దిగుమతి డ్యూటీ తగ్గించుకునే ఒప్పందం) 1998లో సంతకమై 2000 మార్చి నుంచి నడుస్తోంది, కానీ మన చీమకుర్తి, ఒంగోలు వైపు చిన్న పాలిషింగ్ యూనిట్ల వాళ్లకి ఇది వివరంగా చెప్పేవాళ్లే తక్కువ, అందుకే రాస్తున్నా.

ముందు ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతులకి కావాల్సిన కోడ్ నంబర్ తీసుకోండి, డీజీఎఫ్‌టీ (కేంద్రంలో విదేశీ వ్యాపారం చూసే ఆఫీసు) సైట్‌లో పాన్ మీద ఇస్తారు, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్-జూన్ మధ్య అప్‌డేట్ చెయ్యకపోతే ఆగిపోద్ది. జీఎస్టీలో ఎల్‌యూటీ (ఎగుమతి చేస్తానని రాసిచ్చే హామీపత్రం) పెడితే ఐజీఎస్టీ, అంటే ఎగుమతి మీద పడే జీఎస్టీ కట్టకుండానే సరుకు పంపొచ్చు.

అసలు పనంతా హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్లు ఒక్కో రకం సరుకుకి వాడే నంబర్) దగ్గరే ఉంది. రఫ్ బ్లాక్ కోడ్ వేరు, పాలిష్ పట్టిన పలక కోడ్ వేరు, పైగా డ్యూటీ తగ్గించని సరుకులకి శ్రీలంక ఒక నెగెటివ్ లిస్ట్ పెట్టుకుంది, మీ కోడ్ అందులో ఉంటే ఈ ఒప్పందంతో మీకు పైసా లాభం లేదు, కాబట్టి రేటు చెప్పకముందే కొలంబోలో కొనే పార్టీని వాళ్ల కస్టమ్స్ ఏజెంట్‌తో కనుక్కోమనండి.

తర్వాత సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం. మామూలుది పనికిరాదు, ఈ ఒప్పందం కింద ఇచ్చేదే కావాలి. మన క్వారీలో తవ్విన రాయైతే సులువు, బయటి దేశం బ్లాక్ తెచ్చి కోస్తే మాత్రం కనీసం 35 శాతం విలువ ఇక్కడే చేరినట్టు లెక్క చూపించాలి. ఇన్వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్ట్‌లో, సర్టిఫికెట్‌లో సరుకు పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

డబ్బుల విషయంలో మొహమాటం వద్దండి. 2022లో అక్కడ డాలర్లే దొరకలేదు, అందుకని అడ్వాన్స్ గానీ ఎల్‌సీ (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) గానీ వచ్చాకే కంటైనర్ కదిలించండి.